చచ్చిందా, పడుకుందా?

మాత్రలు అయిపోయిన రోజు అమ్మ అడిగింది: "అయితే చచ్చిందా అది?"

ఏడు రోజులు, రోజుకి అయిదు. ముప్ఫై అయిదు మాత్రలు మింగిన మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. నా దగ్గరే జవాబు లేదు. డాక్టర్ గారు చెప్పింది మాత్రం గుర్తుంది: "చావదమ్మా, పడుకుంటుంది. ఇన్నేళ్ళూ పడుకునే ఉంది కదా, మళ్ళీ పడుకుంటుంది." ఆ మాట అమ్మకి అస్సలు నచ్చలేదు. ఇంత డబ్బు పోసి మందులు కొన్నది దాన్ని జోకొట్టడానికా అని ఆవిడ అభ్యంతరం.

అమ్మకి వచ్చింది సర్పి. చూడని వాళ్ళ కోసం చెప్తున్నా: నడుముకో వీపుకో ఒక పక్కన, సగం బెల్టు పెట్టినట్టు చర్మం ఎర్రగా కందిపోయి, నీటిపొక్కులు గుత్తులు గుత్తులుగా లేస్తాయి. సాధారణంగా రెండో పక్కకి దాటవు. ఒక నరం ఎంత మేర పాకుతుందో అంత మేరే. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. గ్రీకులో జోస్టర్ అంటే నడికట్టు, హెర్పిస్ అంటే పాకేది. సంస్కృతంలో సర్పం, గ్రీకులో హెర్పిస్ ఒకే ధాతువు నుంచి వచ్చినవట. అంటే ఇక్కడా అక్కడా జనానికి కనిపించింది పామే. ఆ పాము నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలుసుకుంటే మనిషి పోతాడని మా వైపు నమ్మకం. తెనాలిలో ఒంటరిగా ఉన్న అమ్మ అద్దం ముందు నిలబడి, తల ఎటుంది, తోక ఎటుంది అని వెతుక్కుందట. ఈ సంగతి చాలా రోజుల తర్వాత నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే శనివారం నాడే ఫోన్ చేసింది. "పక్కలో కారం పూసినట్టు మండుతోందిరా, పొక్కులు కూడా లేచాయి." 2023 ఫిబ్రవరి. ఆ వారాంతం మాకు రిలీజ్ ఉంది. ఒక చెవిలో ఆఫీసు కాల్, ఇంకో చెవిలో అమ్మ. "ఏదో పురుగు పాకి ఉంటుంది, కొబ్బరి నూనె రాయి" అన్నాను. పొక్కులు లేచిన డెబ్భై రెండు గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుందని నాకు తర్వాత తెలిసింది. మంగళవారం రాత్రి వీడియో కాల్‌లో చూసి, బుధవారం తెల్లారేసరికి తెనాలి చేరి, అక్కడే డాక్టర్‌కి చూపించాను. అప్పటికి నాలుగో రోజు. ముందే మొదలుపెట్టినా ఇలాగే ఉండేదేమో, చెప్పలేం అన్నారు. ఇప్పటికీ జాకెట్టు అంచు తగిలితే అమ్మ ఉలిక్కిపడుతుంది. పొక్కులు పోయాయి, నరం మర్చిపోలేదు.

ఆ డాక్టర్ గారు పొక్కులు చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న: "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అమ్మా?"

అమ్మ మొహం వెలిగింది. ఆ కథ నేను చాలాసార్లు విన్నదే. 1966, అమ్మ రెండో తరగతి. ఒళ్ళంతా పొక్కులు లేస్తే మా అమ్మమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పటికింకా మశూచి పోలేదు. మన దేశంలో అది ఆగింది 1975లో. వచ్చింది పెద్దమ్మవారా, చిన్నమ్మవారా అన్నది ఆ రోజుల్లో చావుబతుకుల ప్రశ్న. ఊళ్ళో ఒక ముసలావిడ వచ్చి అమ్మ అరచేతులు, అరికాళ్ళు తిప్పి తిప్పి చూసిందట. అక్కడ పొక్కులు లేవు. "ఆటలమ్మే, భయం లేదు" అని తేల్చేసింది. (మశూచి పొక్కులు అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా లేస్తాయి. ఆటలమ్మవి ఎక్కువగా కడుపు మీద, వీపు మీద. ఆవిడ ఏ వైద్య కళాశాలలో చదివిందో గానీ పరీక్ష మాత్రం సరిగ్గా చేసింది.) తర్వాత మామూలే. వేపమండలు, చప్పిడి కూడు, ఇంట్లో తాలింపు బంద్. చివర్లో వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోశారు. అమ్మవారు దిగిపోయింది.

"దిగిపోలేదమ్మా, అదే ఇది" అన్నారు డాక్టర్ గారు.

అమ్మ ఒప్పుకోలేదు. ఆయన ముందు తలూపింది గానీ, కారెక్కాక మొదలుపెట్టింది. ఆటలమ్మ తల్లి. వచ్చింది, మర్యాదలు చేయించుకుంది, వెళ్ళిపోయింది. ఇది పాము. తల్లి వెళ్ళినట్టే వెళ్ళి యాభై ఏడేళ్ళు వెన్నులో దాక్కుని, ముసలితనంలో పామై కరుస్తుందా? "అలా చెయ్యదురా" అంది. విజయవాడ దాటేదాకా ఇదే వాదన. నేను ఇంజనీర్ని కాబట్టి అమ్మ తరఫున మాట్లాడలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. యాభై ఏడేళ్ళు అక్కడ ఉన్నది ఏమిటి? బతికున్నదా?

స్కూల్లో ఇది రెండు మార్కుల ప్రశ్న. వైరస్‌లు సజీవులా, నిర్జీవులా? జవాబు మా బ్యాచ్ అందరికీ నోటికి వచ్చు. కణం బయట ఉన్నప్పుడు కదలదు, తినదు, ఊపిరి పీల్చదు, స్ఫటికంలా పడి ఉంటుంది. కణంలోకి వెళ్తే పిల్లల్ని కంటుంది. కాబట్టి జీవులకీ నిర్జీవులకీ మధ్య వారధి. రెండు మార్కులూ పడేవి. వారధి అన్నాక ఏ ఒడ్డుదీ కాదని అర్థం, అంటే ప్రశ్న దాటేశామని అర్థం. ఆ తెలివి అప్పుడు లేదు.

ఈ దాటవేతకి పెద్ద చరిత్రే ఉంది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ జబ్బు పడిన పొగాకు ఆకుల రసాన్ని, బాక్టీరియా దూరలేని పింగాణీ వడపోతలో వడకట్టాడు. వడకట్టిన రసం కూడా జబ్బు తెచ్చింది. ఆరేళ్ళ తర్వాత డచ్చి శాస్త్రవేత్త బైయెరింక్ దానికి పెట్టిన పేరు, తెలుగులో చెప్పాలంటే, 'బతికున్న అంటుద్రవం'. జీవం నీళ్ళలా పారగలదా అని అడగకుండా పెట్టేశాడు. 1935లో వెండెల్ స్టాన్లీ అదే పొగాకు వైరస్‌ని స్ఫటికాలుగా మార్చి సీసాలో పెట్టాడు. ఉప్పులా పంచదారలా స్ఫటికమయ్యేది బతికున్నదెలా అవుతుంది? ఆయనకి 1946లో నోబెల్ ఇచ్చారు. అదీ కెమిస్ట్రీలో. కమిటీ వాళ్ళు అలా తీర్పు చెప్పేశారని నాకో సరదా ఊహ. అంతకుముందే, 1937లో, ఇదే వైరస్ మీద పనిచేసిన పిరీ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. 'జీవం', 'సజీవం' అనే మాటలకి అసలు అర్థమే లేదన్నది దాని సారం. ఈ చర్చలో అందరికంటే ముందు విసుగొచ్చిన మనిషి ఆయనే అనుకుంటా.

వైరస్ ఉత్త పదార్థమే అనడానికి నాకు దొరికిన అన్నిటికంటే మొండి సాక్ష్యం పోలియోది. న్యూయార్క్ రాష్ట్రంలో ఎకార్డ్ విమ్మర్ బృందం ఆ రేణువుకి రసాయన ఫార్ములా రాసింది. నీటికి హెచ్2ఓ రాసినట్టు. కార్బన్ 3,32,652, హైడ్రోజన్ 4,92,388, అలా ఫాస్ఫరస్, సల్ఫర్ దాకా. 2002లో అదే బృందం పోలియో జన్యువుల వరస చూసి, డీఎన్ఏ ముక్కలు ఆర్డరిచ్చి తెప్పించుకుని, అతికించి, కణాలని నలగ్గొట్టి తీసిన రసంలో కలిపింది. అందులోంచి పనిచేసే పోలియో వచ్చింది. ఎలకలకి పక్షవాతం వచ్చింది. నాకు ఫార్ములా లేదు. అమ్మకీ లేదు. ఫార్ములా రాయగలిగినదాన్ని బతికుంది అనడానికి నోరు రాదు.

అటువైపు వాళ్ళకీ సాక్ష్యాలున్నాయి. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో ఒక కూలింగ్ టవర్ నీళ్ళలో 1992లో దొరికినదాన్ని దాని సైజు చూసి బాక్టీరియా అనుకున్నారు. పదకొండేళ్ళ తర్వాత అది వైరస్ అని తేలింది. మిమీవైరస్ అని పేరు పెట్టారు. పన్నెండు లక్షల అక్షరాల జన్యు గ్రంథం. తర్వాత 2008లో దాని బంధువు ఒకదాన్ని పీల్చి బతికే ఇంకో బుల్లి వైరస్ దొరికింది. వైరస్‌కే జబ్బు చేసింది! జబ్బు పడేదాన్ని బతికున్నది కాదని ఎలా అంటాం అని కొందరు. పాట్రిక్ ఫోర్టెర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వాదన ఇంకా బావుంటుంది. మీరు సూక్ష్మదర్శినిలో చూసే రేణువు వైరస్ కాదు, అది దాని విత్తనం. వైరస్ పట్టి, వైరస్‌లని తయారుచేసే కార్ఖానాగా మారిపోయిన కణం ఉందే, అదే అసలు వైరస్, అది నిక్షేపంగా బతికే ఉంది అంటాడు. దీనికి 2009లో మోరేరా, లోపెజ్-గార్సియా అనే ఇద్దరు గట్టి జవాబిచ్చారు. పని చేసేదంతా కణమే. వైరస్ తనంతట తాను పరిణామం చెందదు, కణాలే దాన్ని పరిణామం చెందిస్తాయి. జీవవృక్షంలో దానికి చోటు లేదు అని పది కారణాలు రాశారు.

ఇవన్నీ రాత్రులు చదివాను. చదివే కొద్దీ ఒకటి అర్థమైంది. వీళ్ళందరూ మాట్లాడేది రెండు స్థితుల గురించే. ఒకటి, బయట పడి ఉన్న రేణువు. రెండు, లోపల మారిపోయిన కార్ఖానా. అమ్మ వెన్నులో యాభై ఏడేళ్ళు ఉన్నది ఈ రెండూ కాదు.

ఆటలమ్మ తగ్గుతున్నప్పుడు ఆ వైరస్ చర్మం నుంచి నరాల వెంట వెనక్కి, వెన్నుపాము పక్కన ఉండే నరాల ముడుల్లోకి చేరుతుంది. పొక్కుల టైములో రక్తం ద్వారా కూడా అక్కడికి చేరుతుందంటారు. అక్కడ పై తొడుగు ఉండదు, రేణువు ఉండదు. ఒక నరకణం కేంద్రకంలో ఉంగరంలా చుట్టుకున్న డీఎన్ఏ పోగు, అంతే. సుమారు లక్షా పాతికవేల అక్షరాలు. డెబ్భై దాకా జన్యువులుంటే దాదాపు అన్నీ మౌనం. ఆ నరకణం కార్ఖానా కాదు, తన పని తాను చేసుకుంటోంది. అమ్మ పెళ్ళి చేసుకుంది, నన్ను కన్నది, నాన్న పోయాక తెనాలిలోనే ఉంటానని మొండికేసింది. ఇన్నాళ్ళూ ఆ నరకణం వేడినీ నొప్పినీ మోస్తూనే ఉంది. దాని లోపల ఒక పుస్తకం మూసి ఉంది.

నాలాంటి వాడికి ఇక్కడ పోలిక తన్నుకుంటూ వస్తుంది. డిస్క్ మీద ఫైలు వేరు, నడుస్తున్న ప్రాసెస్ వేరు. ఫైలు ఏమీ చెయ్యదు. ఎవరో నడిపిస్తే చేస్తుంది. లక్షా పాతికవేల అక్షరాలు, అక్షరానికి రెండు బిట్లు, అంతా కలిపి ముప్ఫై ఒక్క కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం, యూనికోడ్ పుణ్యమా అని, అంతకంటే పెద్ద ఫైలు. 'ఏ ఫైలూ బతికి ఉండదు, కాబట్టి వైరస్ బతికి లేదు' అని తీర్మానించుకుని ఒక రాత్రి హాయిగా పడుకున్నాను.

తెల్లారాక రెండు అనుమానాలు. మొదటిది కాస్త సిగ్గుపడాల్సింది. కంప్యూటర్ వైరస్‌కి ఆ పేరు ఎనభైల్లో ఈ వైరస్‌ని చూసే పెట్టారు. ఇప్పుడు నేను అసలుదాన్ని దాని నకలుతో పోల్చి అర్థం చేసుకుంటున్నాను. మనవణ్ణి చూసి తాత పోలిక చెప్పినట్టు. రెండోది గట్టిది. ఫైలు తనంతట తాను తెరుచుకోదు. ఇది తెరుచుకుంది. వయసు మీదపడి, దీని మీద కాపలా కాసే రక్తకణాల పట్టు సడలిన తర్వాత. 'పసిగట్టింది' అని రాయబోయి ఆగాను. పసిగట్టడానికి దానికి ఏముంది? కానీ ఇంకో క్రియ దొరకలేదు. పోనీ తెలుగు దాన్ని బతికున్నదానిలాగే చూస్తోంది, పోసింది, లేచింది, దిగింది అంటోంది కదా అని భాషని సాక్షిగా పిలుద్దామా అంటే, మన భాషకి ఈ విషయంలో విశ్వసనీయత తక్కువ. మనకి నిద్ర కూడా వస్తుంది, అనుమానం కూడా వస్తుంది, కరెంటు కూడా వస్తుంది.

అమ్మ మింగిన మందు దగ్గర మాత్రం ఈ ప్రశ్నకి ఒక వింత జవాబు ఉంది. ఎసైక్లోవిర్. గెర్ట్రూడ్ ఇలియన్ ప్రయోగశాలలో తయారైన మందు. ఆవిడకి 1988లో నోబెల్ వచ్చింది. ఇది ఒంట్లోకి వెళ్ళినప్పుడు ఏమీ కాదు, ఒక అమాయకపు పదార్థం. వైరస్ పనిలో దిగితేనే తయారయ్యే ఒక ఎంజైమ్ ఉంటుంది. ఆ ఎంజైమే ఈ మందుకి మొదటి తాళం తీస్తుంది. అప్పుడు మందు డీఎన్ఏ అక్షరం వేషం వేసుకుని, వైరస్ రాసుకుంటున్న వాక్యంలో దూరి, ఆ తర్వాత ఇంకో అక్షరం పట్టకుండా చేస్తుంది. వైరస్ రాయకపోతే మందుకి పని లేదు. పడుకున్న దాని పక్కనుంచి మందు వెళ్ళిపోతుంది, గుర్తుపట్టదు. అంటే మందు 'ఉందా?' అని అడగదు, 'చేస్తోందా?' అని అడుగుతుంది. డాక్టర్ గారు చావదు అన్నది అందుకే. ఇది చంపే మందు కాదు, రాత ఆపే మందు. అమ్మకి ఇలా చెప్తే, "నాలుగు రోజులు ముందు ఇచ్చుంటే నాలుగు వాక్యాలు తక్కువ రాసేది" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. అయినా తగిలింది.

ఈ చదువంతటిలో నాకు నచ్చిన మనిషి శాస్త్రవేత్త కూడా కాదు. ఎడ్గర్ హోప్-సింప్సన్ అని, ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్ళో మామూలు డాక్టర్. దగ్గూ జ్వరం చూసే డాక్టర్. ఆయన 1947 నుంచి పదహారేళ్ళపాటు తన దగ్గరికి వచ్చిన సర్పి కేసులన్నీ రాసిపెట్టుకున్నాడు. మొత్తం 192. 1965లో వాటి మీద ఒక వ్యాసం రాశాడు. సర్పి బయటి నుంచి అంటుకునేది కాదు, చిన్నప్పటి ఆటలమ్మ లోపల దాక్కుని మళ్ళీ లేచేది అని అందులో వాదించాడు. రెండూ ఒకటే అన్న అనుమానం అప్పటికి కొత్త కాదు. సర్పి వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర మసలిన పిల్లలకి ఆటలమ్మ రావడం బోకై అనే హంగరీ డాక్టర్ 1892లోనే గమనించాడు. వైరస్ ఒకటేనని థామస్ వెల్లర్ యాభైల్లో ప్రయోగశాలలో చూపించాడు. కానీ ఇన్నేళ్ళు ఎక్కడుంది, ఎందుకు లేస్తోంది అన్నదానికి ఒక కథలా అల్లి చెప్పింది ఈ ఊరి డాక్టరే. అదీ ఒక రిజిస్టర్‌తో, ఓపికతో.

దాంట్లోంచి వచ్చే లెక్క ఒకటుంది. తట్టు లాంటి జబ్బు నిలవాలంటే లక్షల జనాభా ఉన్న ఊరు కావాలి. చిన్న ఊళ్ళో అయితే అందరికీ ఒకసారి వచ్చేస్తుంది, అంటుకోవడానికి కొత్తవాళ్ళు మిగలరు, అది ఆరిపోతుంది. ఆటలమ్మకి ఆ బాధ లేదు. వెయ్యి మంది కూడా లేని దీవిలో అయినా నిలుస్తుంది. పిల్లలందరికీ వచ్చి పోతుంది, ఆ పిల్లల నరాల్లో పడుకుంటుంది, వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా ఆగుతుంది. ఈలోగా ఇంట్లో కొత్త పిల్లలు పుడతారు. తాతకి సర్పి లేస్తుంది, మనవడికి ఆటలమ్మ పోస్తుంది. అంటే ఈ వైరస్ లెక్కలో తరం అంటే వారాలు కాదు, మన తరమే.

ఇది చదివిన రాత్రికి మా పాపకి నాలుగేళ్ళు. నానమ్మ పక్క గదిలో, పాప నానమ్మ పక్కలో.

డాక్టర్ గారు చెప్పే పంపించారు. పొక్కులు ఎండి పక్కులు కట్టేదాకా గుడ్డ కప్పి ఉంచండి, ఆటలమ్మ రాని పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి అని. పాపకి ఆ టీకా వేయించలేదు. అది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, మనమే డబ్బులిచ్చి వేయించుకోవాలి. వేయించాల్సిన టైముకి 2020 లాక్‌డౌన్. తర్వాత మర్చిపోయాం. కప్పి ఉంచాం, జాగ్రత్తగానే ఉన్నాం అనుకున్నాం. కానీ నాలుగేళ్ళ పిల్లని నానమ్మ దగ్గరికి వెళ్ళకు అని ఎన్ని గంటలు ఆపగలం? ఒక మధ్యాహ్నం మేమిద్దరం కాల్స్‌లో ఉన్నప్పుడు కథ వింటూ వింటూ అక్కడే నిద్రపోయింది. పదహారో రోజు పాప కడుపు మీద మూడు పొక్కులు.

మా కొండాపూర్ ఫ్లాట్‌లో ఆ తర్వాతి పదకొండు రోజులు 1966. అమ్మ తన మంటని పక్కన పెట్టి లేచింది. వాచ్‌మన్‌ని పంపి వేపమండలు తెప్పించి గుమ్మానికి కట్టించింది. తాలింపు బంద్, స్విగ్గీ బంద్. నా భార్య పిల్లల డాక్టర్ చెప్పిన లోషన్ రాస్తుంటే, అమ్మ రెండో పక్క నుంచి వేపాకు రెమ్మతో నిమిరేది. ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. డాక్టర్ కూడా గోకకుండా చూస్తే చాలన్నారు. గోకకుండా చూడటంలో లోషన్ కంటే నానమ్మే బాగా పనిచేసింది.

ఆ రోజుల్లోనే పాప ఒక పొద్దున నా దగ్గరికొచ్చి, "నాన్నా, పక్కు ఊడింది" అని అరచేతిలో చూపించింది. పక్కు! ఆ మాట నేను వాడి ఎన్నేళ్ళయిందో. మా ఇంట్లో మేమిద్దరం మాట్లాడే తెలుగులో ఆ మాట లేదు. కానీ వినగానే తెలిసింది, వెతుక్కోనక్కర్లేకపోయింది. నా బాల్యంలో ఎప్పుడో మోకాలు దోక్కుపోయినప్పుడు అమ్మ అన్న మాట. ఇన్నాళ్ళూ నాలో ఎక్కడో పడి ఉంది, నాకు ఏ పనీ చెయ్యకుండా. నన్ను దాటేసి అమ్మ దగ్గర్నుంచి నేరుగా పాప నోట్లోకి వచ్చింది. భాష బతికుందని, చచ్చిపోయిందని మనం తడుముకోకుండా అంటాం. అది తినదు, ఊపిరి పీల్చదు, మనుషుల మెదళ్ళు లేకపోతే కాగితం మీద గీతలే. అయినా ఏ శాస్త్రవేత్తా వచ్చి పది కారణాలు చెప్పడు. పడి ఉన్న రేణువు గురించి అడిగితే నేను ఇప్పటికీ బతికి లేదనే అంటాను. కానీ మనం వైరస్ అంటున్నది రేణువుని కాదేమో, ఒకరి నుంచి ఒకరికి వెళ్తున్న ఆ వరసని అనేమో. ఆ వరస బతికే ఉంది అనబుద్ధేస్తోంది. పోలిక మరీ ముచ్చటగా కుదిరింది, ముచ్చటగా కుదిరిన పోలికల్ని నేను పెద్దగా నమ్మను. భాష ఎవరి నడుమునీ రెండేళ్ళు మండించదు. (మండిస్తుంది అనే వాళ్ళుంటే అది వేరే వ్యాసం.)

నిజానికి ఆ రోజుల్లో నన్ను తొలిచింది ఈ సిద్ధాంతం కాదు. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది. ఆటలమ్మా సర్పీ వేరు వేరు అని అమ్మ నమ్ముతున్నంత కాలం, పాపకి వచ్చింది ఎక్కడి నుంచో వచ్చిన తల్లి. రెండూ ఒకటేనని నేను ఒప్పిస్తే, ఆ వెంటనే వచ్చే వాక్యం 'నీ దగ్గర్నుంచే వచ్చింది'. వైరస్ బతికున్నదైతే తప్పు దానిది. పామే కరిచింది, పామే పిల్లని కూడా కరిచింది. అది ఉత్త పదార్థమే అయితే, ఉత్త అక్షరాలే అయితే, చేసినవాళ్ళు ఎవరు? మోసినవాళ్ళేనా? కోవిడ్ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇదే చూశాం. ఎవరు తెచ్చారు, ఏ ఫ్లాట్ నుంచి మొదలైంది అని. ఆరా తీసింది వైరస్ గురించి కాదు, ఫ్లాట్ నంబర్ గురించి. ఇక్కడ లెక్క తీస్తే, కారులో ఎక్కించి తీసుకొచ్చింది నేను. టీకా మర్చిపోయింది నేను. పురుగు పాకిందన్నది నేను. అమ్మ చేసింది 1966లో ఆటలమ్మ పోయించుకోవడం ఒక్కటే.

అందుకని అబద్ధం చెప్పాను. "స్కూల్లో ఎవరికో ఉందంటమ్మా." ఎవరికీ లేదు, నేను టీచర్‌ని అడిగాను.

పాపకి వేపనీళ్ళు పోసిన రోజు సాయంత్రం, దాన్ని నిద్రపుచ్చి వచ్చి, అమ్మ సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. కుడి పక్క ఆనకూడదు కదా. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"స్కూల్లో ఎవరికీ లేదు కదూ?" అంది.

నేను ఏదో అనబోయాను.

"నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం రాదురా. నా పక్కలో పడుకుంది, పదహారో రోజుకి పోసింది. నా దగ్గర్నుంచే." కాసేపు ఊరుకుంది. "నాకు మా మేనత్త కూతురు అంటించింది. ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. దానికి ముందు పోసింది, వారం పది రోజులు పోయాక నాకు. అది పోయి పన్నెండేళ్ళయింది."

ఆవిడ నాకు తెలుసు. మా పెళ్ళికి వచ్చింది.

"అయితే అప్పుడు దాని ఒంటి మీద ఉన్నదే, ఇప్పుడు దీని ఒంట్లో ఉందా?"

ఉంది అన్నాను. అదే కాదు, దాని నకలు నకలు నకలు అని చెప్పబోయి, మన విషయంలో మాత్రం అంతకంటే ఏముందిలే అని ఆగిపోయాను. ఉంటుంది, పడుకుంటుంది అన్నాను.

"ఎన్నాళ్ళు?"

"పాపకి అరవై ఏళ్ళొచ్చేదాకా. అసలు లేవకపోవచ్చు కూడా. ఈలోగా పెద్దవాళ్ళకి దీనికి టీకాలు వచ్చాయి."

"అప్పటికి నువ్వు ఉండవు, నేను ఉండను" అంది, బస్సు టైము చెప్పినంత మామూలుగా. చచ్చిందా అని మళ్ళీ అడుగుతుందేమో అని చూశాను. అడగలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి, కుడి పక్క కదలకుండా జాగ్రత్తగా లేచి, వంటింట్లోకి వెళ్ళింది. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి మా ఇంట్లో ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపించింది.